ఏటీ టైర్లు ఏ ఏటివి?

నర్సమ్మ టీకాల పెట్టె నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, పడుతూ లేస్తూ బురదలో కొండెక్కిన రోజు నుంచీ జీపక్కకి ముద్ద దిగడం లేదు.

తప్పు బండి నడిపిన జీపక్కది కాదు. వానది కూడా కాదు. టైర్లది. అరిగి అరిగి గుండు కొట్టించుకున్న తలల్లా తయారయ్యాయవి. ఏరు దాటాక వచ్చే జిగురుమట్టి ఎక్కుడులో నాలుగు చక్రాలూ గిర్రున తిరిగాయి గానీ, బండి మాత్రం పెళ్లికూతురు అడుగు వేసినట్టు ముందుకి జానెడు, వెనక్కి బారెడు. నర్సమ్మ మంచి మనిషి, పల్లెత్తు మాట అనలేదు. ఆసుపత్రి డాక్టరమ్మే పిలిచి చెప్పింది.

"చూడమ్మా, పెట్టెలో ఐసు కరిగితే మందులు పాడవుతాయి. ఇంకోసారి ఇలా జరిగితే వేరే బండి పెట్టుకోక తప్పదు. ఏమీ అనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటుంది? వారంలో మిగతా రోజులు సిమెంటు బస్తాలు, గడ్డిమోపులు, సభలకి కుర్చీలు, ఏది దొరికితే అది మోస్తుంది జీపక్క. టీకాల రోజు మాత్రం పొద్దున్నే తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, బండి అద్దాలు రెండు సార్లు తుడిచి బయల్దేరుతుంది. కొండ మీది పిల్లలకి మంచీ చెడ్డా తన చక్రాల మీదే వెళుతున్నాయని ఆమెకి లోపల్లోపల కొంచెం గర్వం. పైకి చెప్పదు.

ఆ జీపు ఆమె భర్తది. ఆయన పోయి మూడేళ్లయింది. మొదటి ఏడాదంతా అది పెరట్లో పట్టా కప్పుకుని పడి ఉంటే, కోళ్లు దాని కింద గుడ్లు పెట్టుకున్నాయి. బావగారు ఇద్దరు ముగ్గుర్ని బేరానికి తీసుకొచ్చాడు. మూడో మనిషి వచ్చిన రోజు అత్తగారు వెళ్లి ముందు సీట్లో కూర్చుని, చేతులు కట్టుకుని, "అమ్మితే నాతో కలిపి అమ్మండి. నన్ను పోషించుకునే ఓపికుంటే పట్టుకుపోనీ" అంది. ఆ మనిషి ఆమె నోటి ధాటి చూసి కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాతే కోడలు నడపడం నేర్చుకుంది. నేర్చుకునే రోజుల్లో కోళ్ల గూడొకటి, ప్రహరీ గోడ మూలొకటి కూలాయి. అత్తగారు ఒక్క రోజు కూడా మానకుండా పక్కనే కూర్చుని, గోడ దగ్గరికొచ్చినప్పుడల్లా "అదిగో గోడ, అదిగో గోడ" అనేది. "మీరలా అంటే నాకు చెయ్యి అటే పోతోంది అత్తయ్యా!" అని కోడలు మొత్తుకునేది. ఊరంతా నవ్వింది. నవ్విన వాళ్లే జీపక్క అని పేరు పెట్టారు.

ఇప్పుడు కొత్త టైర్లు కొనాలి. ఇన్నాళ్లలో బండికి సంబంధించి ఆమె సొంతంగా ఎంచుకున్నది అద్దం తుడిచే గుడ్డ ఒక్కటే.

"ఎంచడానికేముంది? మావాడు ఏవి వేయించేవాడో అవే వేయించు" అంది అత్తగారు. మర్నాడు కొట్టుకి బయల్దేరుతుంటే, ఎవరూ పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

టైర్ల కొట్టు లోపల చీకటిగా, చల్లగా, రబ్బరు వాసనతో నిండి ఉంది. గోడల వెంబడి టైర్లు ఒకదాని మీద ఒకటి కప్పు దాకా పేర్చి ఉన్నాయి. కొట్టాయన జీపు చప్పుడికే గుర్తుపట్టి, ఏమీ అడగకుండా గుప్పెడంతేసి పళ్లున్న టైరు ఒకటి దొర్లించుకొచ్చాడు.

"ఇవేనమ్మా. ఎమ్‌టీ."

అత్తగారు ఉలిక్కిపడింది. "ఎమ్టీయా? ఎమ్టీ అంటే ఖాళీ సిలిండరు కదయ్యా. మాకు గాలి ఉన్నవే కావాలి."

"సిలిండరు కాదు పెద్దమ్మా, ఎమ్‌టీ అంటే బురదకి వేసే టైర్లు. ఈ పళ్లు చూడండి, ఎలా ఉన్నాయో!"

"బాగున్నాయి నాయనా. నాకే లేవు."

"మీ అబ్బాయి ఎప్పుడూ ఇవే తీసుకెళ్లేవాడు. కళ్లు మూసుకుని."

"విన్నావా?" అని కోడలి వైపు తిరిగింది అత్తగారు. "ఇంక బిగించమను."

జీపక్క బిగించమనలేదు. టైరు ముందు గొంతుక్కూర్చుని, ఆ పళ్ల మధ్య నాలుగు వేళ్లూ దూర్చి చూసింది. ఆమె మనసులో దారి నడుస్తోంది. ఆసుపత్రి గేటు నుంచి ముప్పై కిలోమీటర్లు. అంతా తారే. ఆ తర్వాత ఏటి దాకా అయిదు కిలోమీటర్లు కంకర. ఏరు దాటాక రెండంటే రెండు కిలోమీటర్ల జిగురుమట్టి. ఈ పెద్ద పళ్లు తారు మీద జోరీగలా హోరుపెడతాయి, పక్కనున్న మనిషితో కేకలేసి మాట్లాడాలి. తడిసిన తారు మీద బ్రేకు వేస్తే అంత తొందరగా ఆగవు. పైగా ముప్పై కిలోమీటర్లూ అరగదీసుకుంటూ పోతే, అసలు పని ఉన్న ఎక్కుడు దగ్గరికి వచ్చే నాటికి బోసినోరే మిగులుతుంది.

"తారు మీద మర్యాదగా పోవాలి, కంకరకి చిరగకూడదు, బురదలో పట్టు ఉండాలి. అలాంటివి లేవా అన్నయ్యా?"

కొట్టాయన తల గోక్కునేలోపే అత్తగారు అందుకుంది. "ఏంటే, మావాడికి తెలియదంటావా?"

జీపక్క లేచి నిలబడింది.

"ఆయనకి తెలుసు అత్తయ్యా. ఆయన దారి ఆయనకి బాగా తెలుసు. అప్పుడు గడప దిగితే బురదే కదా. ఈ తారు వేసింది పోయినేడు. ఆ తారు మీద ఆయన ఒక్క రోజు కూడా నడపలేదు."

టైర్లు బిగించే మేస్త్రి చేతిలోని స్పానరు కింద పెట్టాడు. అత్తగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. అద్దాలే తుడుచుకుంది, కళ్లు కాదు.

"రోడ్డు వేస్తారు, రోడ్డు వేస్తారు అని వాడు కనిపించిన వాళ్లందరికీ చెప్పేవాడు" అంది. కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "సరే. నీ దారికి తగ్గవి నువ్వు తీసుకో. కానీ చూసి తీసుకో, ముదురువి అంటగట్టగలడు."

"అయ్యో పెద్దమ్మా, నేనా!" అని కొట్టాయన గుండె మీద చెయ్యి వేసుకుని, లోపలి వరస నుంచి రెండు టైర్లు దొర్లించుకొచ్చాడు. వీటి పళ్లు చిన్నవి, దగ్గర దగ్గరగా, అంచుల దాకా మెట్లు మెట్లుగా ఉన్నాయి. "కోడలమ్మ అడిగినవి ఇవే. ఏటీ టైర్లు."

"ఏ ఏటివి?" అంది అత్తగారు.

"ఏటీవేనండి."

"అదే అడుగుతున్నానయ్యా, ఏ ఏటివి? ఈ ఏటివా, పోయిన ఏటివా?"

మేస్త్రి పగలబడి నవ్వాడు. "ఏడాదీ కాదు, ఏరూ కాదు పెద్దమ్మా! ఏ, టీ. ఇంగ్లీషు అక్షరాలు. అన్ని రకాల నేల మీదా పోతాయని."

"అన్ని నేలల మీదా పోతే పోనీ. పుట్టిందెప్పుడో చెప్పడానికి అంత నవ్వెందుకు?"

కొట్టాయనా నవ్వాడు, జీపక్కా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆమె ఆగిపోయింది. టైరు పక్క భాగం మీద దాని పుట్టిన తేదీ పొడిచి ఉంటుందని భర్త ఒకప్పుడు చెప్పాడు. అప్పుడు ఆమె పొయ్యి దగ్గర ఉంది, ఊఁ కొట్టి ఊరుకుంది. ఇప్పుడు వంగి, చీకట్లో సరిగా కనబడక వేలితో తడుముతూ వెతికింది. చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు దొరికాయి. చివరి రెండూ సంవత్సరం. ఈ ఏడాదే. రెండో దానిదీ అంతే.

"మిగతా రెండూ కూడా తీయండి అన్నయ్యా."

"అన్నీ ఒకటేనమ్మా."

"ఒకటే అయితే చూడ్డానికేం?"

అడుగు నుంచి రెండు బయటికి వచ్చాయి. అంకెలు లోపలి వైపున్నాయి. మేస్త్రి బోర్లించాడు. ఆమె చదివింది. మళ్లీ చదివింది. ఆరేళ్ల కిందటివి.

"ముందు రెండంకెలేంటి?" అంది అత్తగారు, తనకి కనబడకపోయినా వంగి చూస్తూ.

"వారం అత్తయ్యా. ఆ ఏడాది ఎన్నో వారంలో తయారైందో. ముప్పై ఎనిమిది."

"ముప్పై ఎనిమిది వారాలా? అయితే నెలలు నిండే పుట్టింది, పాపం. పుట్టాక ఆరేళ్లు గదిలోనే పెట్టేశారు." ఆమె ఆ టైరు మీద సొరకాయ చూసినట్టు గోరు గుచ్చింది. గోరు దిగలేదు. కొత్తదాని మీద గుచ్చింది. గాటు పడింది. "ఇది ముదిరిపోయింది నాయనా. కూరకి పనికిరాదు."

కొట్టాయన మొహం చిన్నబోయింది. "నిజంగా చూసుకోలేదమ్మా. అడుగున ఎప్పటివో ఉండిపోయాయి. ఎవరూ ఇలా అడగరు."

"మేం అడుగుతాం" అంది అత్తగారు, ఆ అడగడమేదో ముందే అనుకుని వచ్చినంత దర్జాగా.

గోడౌను నుంచి మరో రెండు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వాటి అంకెలు మేస్త్రే గట్టిగా చదివి వినిపించాడు. బిగించాక జీపక్క స్టీరింగు పూర్తిగా ఇటూ అటూ తిప్పి, టైరు ఎక్కడా రేకుకి రాసుకోవడం లేదని చూసుకుంది. ఇంటికి వెళ్లేటప్పుడు తారు మీద బండి ఎంత చప్పుడు లేకుండా పోయిందంటే, అత్తగారు దారి పొడుగునా మాట్లాడింది, ప్రతి మాటా వినబడింది.

టీకాల రోజుకి ముందు రాత్రంతా వాన.

పొద్దున నర్సమ్మ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఎక్కింది. వెనక సీట్లో అత్తగారు. "మీరెందుకు పెద్దమ్మా, ఈ వానలో?" అంటే, "టైర్లు ఎంచింది నేను. చూసుకోవద్దూ?" అంది. కోడలు అద్దంలో ఆమెని చూసి, నవ్వుకుంటూ గేరు వేసింది.

ఏటిలో నీళ్లు మోకాలి లోతున్నాయి. దాటి, ఎక్కుడు మొదట్లో జీపక్క బండి ఆపి దిగింది. ఒక్కో చక్రం దగ్గర కూర్చుని కొంచెం కొంచెం గాలి తీసింది.

"అయ్యో, తీసేస్తున్నావేంటి?" అంది నర్సమ్మ.

"బిర్రుగా ఉంటే జారుతుంది నర్సమ్మా. కాస్త మెత్తబడితే మట్టిని ఎక్కువ మేర పట్టుకుంటుంది."

నాలుగు చక్రాల గేరు వేసి, అన్నిటికన్నా చిన్న గేరులో వదిలింది. బండి నత్తలా ఎక్కుతోంది. పోయినసారి ఆగిపోయిన చోటు వచ్చింది. వెనక భాగం ఒక్కసారి పక్కకి ఒరిగింది. నర్సమ్మ పెట్టెని రెండు చేతులతో కరచుకుంది. అత్తగారు "అదిగో..." అని, ఏం తోచిందో, తన నోరు తనే చేత్తో మూసుకుంది. జీపక్క కాలు అదరలేదు. యాక్సిలరేటర్ తొక్కనూ లేదు, వదలనూ లేదు. చక్రాలు అర చుట్టు ఊరికే తిరిగాయి, పళ్ల సందుల్లోంచి మట్టి ముద్దలు ఎగిరి రేకుకి టపటపా తగిలాయి. తర్వాత కింద ఎక్కడో గట్టి నేల అందింది. బండి ముక్కు పైకి లేచింది, వంపు తిరిగింది, చదునుకి వచ్చింది.

కొండ మీద తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ఒక పాక చూరు కింద వరసగా నిలబడి ఉన్నారు. నర్సమ్మ దిగి మూత తీసింది. ఐసు గడ్డలు గడ్డల్లాగే ఉన్నాయి. ఆమె ఫోన్ తీసి డాక్టరమ్మతో "వచ్చేశామండీ. ఆఁ, బండిలోనే. పై దాకా" అని, జీపక్క వైపు చూసి కన్ను గీటింది.

జీపక్క బానెట్‌కి చేరబడి చేతులకున్న మట్టి తుడుచుకుంటోంది. లోపల ఎవరో బుజ్జగిస్తున్నారు, "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటుంది" అని. మరుక్షణం కొండంతా దద్దరిల్లేలా మొదటి పిల్లాడు ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. వాడిని చూసి వరసలో ఉన్న మిగతా వాళ్లందరూ మొదలుపెట్టారు.

"అబ్బ, ఏం గొంతులే!" అంది అత్తగారు చెవులు మూసుకుని.

జీపక్క మూసుకోలేదు. కళ్లు మాత్రం మూసుకుని, ఆ ఏడుపులన్నీ తీరిగ్గా వింటూ నిలబడింది.