బొట్టు పెట్టిన స్క్రూ

మొన్న మా కారు తలుపు సరిగ్గా పడటం లేదని సర్వీసింగుకిస్తే, అక్కడి మెకానిక్ "స్క్రూ గాడి అరిగిపోయిందండీ, లోపలి అట్ట మొత్తం మార్చేద్దాం" అన్నాడు. ఎంత సులువుగా అన్నాడో! ఒక్క స్క్రూ కోసం పొద్దుటినుంచీ కారు పక్కన చతికిలబడ్డ మా మావయ్య గుర్తొచ్చాడు.

తొంభైల్లో బందరులో మా మేనమామకి ఓ పాత కారుండేది. ముగ్గురి చేతులు మారి వచ్చిన బండి. సముద్రపు గాలికి ఆ ఊళ్ళో ఇనుమన్నది బతికి బట్టకట్టదు. ఆ కారు మాత్రం మావయ్య పోసే కిరసనాయిలు మీద, ఆయన బుజ్జగింపుల మీద నడిచేది. అత్తయ్యకి దాని మీద ఇంకా భక్తి. దసరాకి అందరూ బండి ముందు ఇంత పసుపూ కుంకుమా రాసి ఊరుకుంటారు. ఆవిడ తలుపులు తీయించి, లోపల కనపడ్డ ప్రతి స్క్రూకీ గంధం, కుంకుమ బొట్టు పెట్టేది. "మిమ్మల్ని మోసేవి అవేగా, వాటికి మాత్రం పండగొద్దూ?" అనేది. తుడవనిచ్చేది కాదు.

ఓ వానాకాలం అవనిగడ్డ నుంచి కబురొచ్చింది. అత్తయ్య వాళ్ళక్కగారికి బాగోలేదు, చెల్లెల్ని చూడాలంటోంది. అత్తయ్యకి ఉబ్బసం. బస్సులో రద్దీకి తట్టుకోలేదు. కారు వెనక సీట్లో తల తిరుగుతుంది. ముందు సీట్లో కిటికీ తీసి ఉంటేనే ఊపిరాడుతుంది. సరిగ్గా ఆ కిటికీ అద్దమే బిగుసుకుపోయింది. దించాలంటే తలుపు లోపలి అట్ట విప్పాలి. మిగతా స్క్రూలు ఎలాగో వచ్చాయి, హ్యాండిల్ దగ్గరిది ఒక్కటీ రాలేదు.

మావయ్య బలమంతా ఉపయోగించేసరికి స్క్రూడ్రైవరు జారి, ఉన్న గాడి కాస్తా గుండ్రంగా అరిగింది. అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని పిన్నీసుతో గీకాడు. ఎర్రటి పొడి రాలింది. పక్కనే ఉన్న నేను తుప్పనుకున్నాను, వాసన చూస్తే గంధం. ఏళ్ళ తరబడి బొట్టు మీద బొట్టు పడి గాడిలో సిమెంటులా గట్టిపడింది, కింద చెమ్మ చేరి తుప్పు పట్టింది. నేను నోరు తెరవబోతే మావయ్య కళ్ళతోనే వద్దన్నాడు.

అత్తయ్య అప్పటికే ప్రయాణానికి చీర మార్చుకుని వాకిట్లో కూర్చుంది. "దానికేవైందండీ? అక్క ఎదురుచూస్తూ ఉంటుంది" అంది.

"పాడు ఉప్పుగాలే! వచ్చేస్తుందిలే" అన్నాడు మావయ్య, తలెత్తకుండా. ఆ అబద్ధానికి ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

కిరసనాయిలు చుక్కలు వేసి నాననిచ్చాడు. స్క్రూ తల మీద సుత్తితో మెల్లగా తట్టాడు. చిలకలపూడి గిల్టు నగల పనిచేసే పక్కింటాయన దగ్గర సన్నటి రంపం అడిగి తెచ్చి, అరిగిన తల మీద కొత్త గాడి కోశాడు. ముందు కాస్త బిగించే వైపు తిప్పి, తర్వాత వదులు చేసే వైపు తిప్పాడు. స్క్రూ కిర్రుమని కదిలింది. అద్దం దిగింది. రాలిన ఎర్రపొడినంతా తువ్వాలుతో శుభ్రంగా తుడిచేశాకే అత్తయ్యని పిలిచాడు.

చల్లపల్లి మీదుగా, పులిగడ్డ దాటి, పొద్దు వాలేసరికి చేరాం. మంచం మీదున్న ఆవిడ అత్తయ్య చెయ్యి పట్టుకుని "ఎంతసేపు చూడనే నీ కోసం?" అంది. ఆ సాయంత్రమంతా ఇద్దరూ చిన్నప్పటి కబుర్లు చెప్పుకుని నవ్వుకున్నారు.

వారం తిరక్కుండానే అత్తయ్య వాళ్ళక్క పోయింది. పోయేవాళ్ళని కాలం ఆపదు గానీ, ఒక్కోసారి మన కోసం ఒక పూట ఆగుతుంది. ఆ పూటకి మనం చేరామా లేదా అన్నదే తర్వాత బతుకంతా మనతో ఉండిపోతుంది.