రాకెట్ కోసం అవ్వ ఉపవాసం

మా మేనేజరే మా సంఘ పెద్ద కూడా. వారమంతా రేణిగుంట దగ్గరి ఫ్యాక్టరీలో ఆయన కింద పనిచేస్తాను, ఆదివారం వడమాలపేట మందిరంలో ఆయన ప్రార్థనకు ఆమెన్ అంటాను. చిన్న రాకెట్లకు దారి చూపే కంట్రోల్ పెట్టెలు మేం తయారుచేస్తాం. వాటిలోని ప్రోగ్రామును పరీక్షించడం నా పని.

ఆ ఏడు వచ్చిన కొత్త రాకెట్ పాతదానికన్నా బలమైనది. లేస్తూనే పక్కకు ఎక్కువ వేగంగా జరుగుతుంది. ప్రోగ్రాము మాత్రం పాతదే, ఒక్క వరుస మార్చకుండా ఎక్కించారు. పక్కకు జరిగే వేగాన్ని రాసుకోవడానికి అందులో ఉన్న చోటు పాత రాకెట్‌కు సరిపడా పెట్టింది. అంతకు మించిన అంకె వస్తే ప్రోగ్రాము ఆగిపోతుంది. కొత్త లెక్కలతో ఒకసారి నడిపి చూడాలని, మూడు వారాలు కావాలని రాసిచ్చాను.

"పాతదాంట్లో నాలుగు తూర్లు ఎగిరినాది కదబ్బా. బాగుండేదాన్ని కెలికేది ఎందుకు?" అన్నాడాయన.

"అది ఆ రాకెట్టన్నా. ఇది వేరే."

"తేదీ చెప్పేసినాం. మూడు వారాలు యాడ తెచ్చేది? నీకు విశ్వాసం తక్కువ తమ్ముడా."

ఆ మాట ఆఫీసులో ఇంకెవరు అన్నా ఎదురు చెప్పేవాణ్ణే. పరీక్ష కాగితంలో ఫలితం రాసే చోట 'పాత రాకెట్‌లో రుజువైంది' అని ఆయనే రాసి ఉంచాడు. కింద సంతకం పెట్టాను. మన పని మానేసి దాన్ని దేవుడి మీదికి నెడితే అది ఆయన్ను శోధించడం, అంటే దేవుడికే పరీక్ష పెట్టడమేనని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పేది నేనే.

ఆ ఆదివారం ప్రార్థన మనవుల్లో జ్వరాలు, కాన్పులు, కోర్టు కేసుల మధ్య మా రాకెట్‌ను కూడా మేనేజరే చదివాడు. ఉపవాసం ఎవరుంటారని అడిగితే ముందు చాప మీద కూర్చున్న అవ్వ చెయ్యెత్తింది. మామిడి తోటల్లో కూలికి పోయే మనిషి. మూడు రోజులు వట్టి నీళ్లతో పనికి పోయింది.

రాకెట్ లేచి నిమిషం గడవలేదు. క్యాంటీన్ టీవీలో మా కళ్లముందే పక్కకు వంగి ముక్కలైంది. వచ్చిన డేటా తీసి చూస్తే, ఆ అంకె చోటు దాటిన క్షణానే ప్రోగ్రాము ఆగి ఉంది.

తర్వాతి ఆదివారం ఆయన సాక్ష్యం చెప్పడానికి లేచాడు. దేవుని చిత్తం కాలేదన్నాడు. ఇందులోనూ ఏదో మేలుందన్నాడు. గొంతు వణికించి, కళ్లు తుడుచుకున్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. నాకు ఆయన్ను చూసి ఎంత రోత పుట్టిందో, ఆ కాగితం మీద సంతకం పెట్టిన నా చేతిని చూసుకున్నా అంతే రోత పుట్టింది.

బయట చెప్పులు వెతుక్కుంటుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నాయనా, రెండోదినం మద్దేనం కండ్లు తిరిగితే రోంత మజ్జిగ తాగినా. ఎవురికీ సెప్పలా. దానికేనా పడిపోయింది?"

రాకెట్ పడినప్పటినుంచీ ఈ బరువు మోస్తోందన్నమాట.

"నీ మజ్జిగతో ఏం కాలేదవ్వా. మేం పరీక్ష చేయాల్సింది చేయలేదు. చేసినట్టు నేను సంతకం పెట్టినా."

"పెద్దాయనకు తెలుసునా?"

"తెలుసు."

ఆయన మెట్ల దగ్గర నిలబడి వచ్చేవాళ్లకు చెయ్యి కలుపుతున్నాడు. అవ్వ కొంగు బిగించి నేరుగా ఆయన ముందుకు పోయింది.

"మీరు సేసే పని సెయ్యకుండా, నన్నెందుకప్పా పస్తు పెట్టినావు?"

చుట్టూ ఉన్నవాళ్లు ఆగిపోయారు. ఏదో ఒకటి చెప్పి సర్దమన్నట్టు ఆయన నా వైపు చూశాడు.

"అవ్వ అడుగుతా ఉండాది. చెప్పన్నా," అన్నాను.