అయిదు రియాళ్ల ఇల్లు

మా ఇంట్లో లెక్కలు నావే. మా ఆయన రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు. చేతిలో పనితనం ఉంది గాని కూడికలంటే ఆమడ దూరం. అందుకే మస్కట్ ఉద్యోగం కబురు వచ్చినప్పుడు కాగితం, పెన్సిలు పుచ్చుకుని కూర్చున్నది నేనే. నా లెక్కల మీద నాకు పొగరు కూడా ఉండేది, దాచడం దేనికి.

నెలకు నూట ఎనభై రియాళ్లు, అప్పట్లో రియాలుకు ఎనభై రూపాయలు. పన్ను లేదు. ఇక్కడ జీతం చీటీలో కోతలు చూస్తేనే నాకు ఒళ్లు మండేది. అక్కడ ఒక్క కోతా లేదనగానే సగం మనసు విమానం ఎక్కేసింది. బియ్యం, పాలు, పిల్లలిద్దరి బడి ఫీజు ఏజెంటును అడిగి, అతను చెప్పినదానికి కాస్త ఎక్కువే వేశాను. ఇంటి అద్దె అయిదు రియాళ్లు. మందులకు సున్నా. ఏటా ఊరికి వచ్చి వెళ్లడానికి సున్నా. ఎలా చూసినా నలుగురం బతికి, ఇంకా డెబ్భై రియాళ్లు మిగులుతున్నాయి.

సోమవారం సాయంత్రంలోగా తేల్చమన్నాడు ఏజెంటు. తేల్చడమంటే రైల్వేకి రాజీనామా. ఒకసారి ఇచ్చాక పర్మినెంటు ఉద్యోగం మళ్లీ రమ్మన్నా రాదు, క్వార్టరూ ఖాళీ చేయాలి. ఆ సోమవారం పొద్దున ఆయన రాజీనామా ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లారు. వీసాలు వచ్చేదాకా ఉండటానికి గది చూద్దామని నేను కాలనీ బయట హిందీ వాళ్లుండే గుఢియారీ పేటకు వెళ్లాను.

ఇనుప సామాను కొట్టు మీద రెండు చిన్న గదులు. ఇంటావిడ తాళం తీస్తూ చెప్పింది.

"ఆఠ్ సౌ, బహినీ. బిజ్లీ అలగ్."

ఎనిమిది వందలు, కరెంటు వేరే. "సంవత్సరానికా?" అని అడిగాను. నిజంగానే అడిగాను. ఆవిడ పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

ఆ మెట్ల మీదే కూర్చుని నా లెక్క మళ్లీ వేసుకున్నాను. రైల్వే కాలనీలో పుట్టి, రైల్వే కాలనీకే కాపురానికి వచ్చినదాన్ని. అద్దె అంటే నాకు జీతం చీటీలో కోసే నలభై రూపాయలు. పరాయి దేశం కదా అని దాన్నే పదింతలు చేసి అయిదు రియాళ్లని రాశాను! ఊరికి వెళ్లాలంటే రైల్వే ఇచ్చే ఉచిత పాసు, జ్వరమొస్తే రైల్వే ఆసుపత్రి. మా చిన్నదానికి ఆయాసం, నెలనెలా మందులు అక్కడే. వీటికి ధర ఉంటుందని ముప్ఫై నాలుగేళ్లు నాకు తోచనే లేదు. సున్నా రాసిన నా చెయ్యి విరిగిపోనూ అనుకున్నాను.

రిక్షా ఎక్కి వర్క్‌షాపుకు బయల్దేరితే దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి నత్తనడక. పుట్టినప్పటి నుంచి ఆ బండ్ల అన్నమే తిన్నదాన్ని, ఆ రోజు వాటిని తిట్టినట్టు మరెవర్నీ తిట్టలేదు.

వర్క్‌షాపు దగ్గరికి చేరేసరికి భోజనం సైరన్ మోగింది. ఆయన బయటికి వచ్చారు.

"ఏటిలా పరుగెట్టుకొచ్చీసినావు? పిల్లలు బాగున్నారా?"

"ఉత్తరం ఇచ్చీసినారా?"

"ఇంకా నేదు. సాయంత్రం దాకా టైముంది కదా."

"లెక్క తప్పండీ. అద్దె తప్పు, మందులు తప్పు, అంతా తప్పే." ఏడుపు ఆగలేదు నాకు.

ఆయన ఆశ్చర్యపోలేదు. "తెలుసు. ఏజెంటుని అడిగినాను. ఆళ్లిచ్చే జీతానికి నలుగురికి ఇల్లు రాదంట. నాకైతే కంపెనీ గదిలో మంచం ఇస్తారంట."

నాకు ఒళ్లు మండింది. "మరి నాకెందుకు చెప్పలేదు? వారం నుంచి సామాను సర్దుతుంటే చూస్తూ ఊరుకున్నారా?"

"నీ లెక్కలో నలుగురం ఉన్నాం. సరిజేస్తే నానొక్కడినే ఎళ్లాలి. అది నా నోటితో ఎలా సెప్పీది?"

తర్వాత ఆయన నా మొహంలోకి చూడకుండా అడిగారు. "ఒక్కడినే ఎళ్తే మిగుల్తాది కదా?"

ఆ లెక్క నాకు క్షణంలో వచ్చింది. డెబ్భై కాదు, నూరు పైనే.

"మిగలదు" అన్నాను.

తెలిసి నేను తప్పు చెప్పిన లెక్క అదొక్కటే. ఆయన మళ్లీ అడగలేదు. ఉత్తరం తీసి నా చేతిలో పెట్టి, అన్నం తినడానికి లోపలికి వెళ్లిపోయారు.