సముద్రంలో మా బోరు

పొద్దున్నే మా వీధిలోకి రిగ్గు లారీ వచ్చింది. హోసూరులో ఇప్పుడు ఇదేమీ వింత కాదు. పాత పెంకుటింటిని పడగొట్టి నాలుగంతస్తులు లేపేవాడు మొదట చేసే పని బోరు వేయించడమే. కంప్రెసరు మోత మొదలైన అరగంటకల్లా కిటికీ రెక్కల మీద, ఆరేసిన పంచె మీద, చివరికి నా కాఫీ గ్లాసు అంచు మీద కూడా తెల్లటి రాతిపిండి పేరుకుంది. వెళ్ళి గట్టిగా నాలుగు మాటలు అడిగేద్దామని చొక్కా వేసుకున్నాను. వేసుకుని గడప దగ్గరే నిలబడిపోయాను. వేడి రాతిపిండి వాసన ఒకటి ఉంటుంది. మట్టి వాసన కాదు, సున్నం వాసనా కాదు. ఆ వాసన తగిలితే నాకు మా పల్లెల్లో వేసిన బోర్లు గుర్తుకు రావాలి. గుర్తుకు వచ్చేది మాత్రం నేను కంటితో చూడని బోరు ఒకటి, సముద్రం అడుగున వేసింది. అప్పటికి నేను సముద్రాన్నే చూడలేదు.

నన్ను ఎవరూ చదివించలేదు. ఐదో తరగతి దాకా తెలుగు బడి, ఆ తర్వాత జవళగిరి అడవి అంచున గొర్రెల వెంట తిరగడం. అరవం బస్సు బోర్డులు చూసి నేర్చుకున్నాను. కన్నడం సంతలో వచ్చింది. ఇంగ్లీషు మాత్రం ఫ్యాక్టరీలో మిషన్లతో పాటు వచ్చే పుస్తకాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాటగా పీకి పీకి నేర్చుకున్నాను. డిప్లొమా చదివిన సూపర్వైజర్లు అర్థం కాని పేజీని నా దగ్గరకే తెచ్చేవాళ్ళు, కానీ నా జీతం చీటీ మీద ‘హెల్పర్’ అన్న మాటను తీసేయడానికి పదకొండేళ్ళు పట్టింది వాళ్ళకు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అదే ఫ్యాక్టరీవాళ్ళు నా ఇష్టపూర్వకంగా నేను ఉద్యోగం మానుకుంటున్నానని రాసి ఉన్న కాగితం తెచ్చి, సంతకం పెట్టేదాకా కదలనివ్వలేదు. దానికి రెండేళ్ళ ముందే నా భార్య పోయింది. పిల్లలు లేరు. మూడు గదుల ఇంట్లో ఒక గదిని మాత్రమే ఊడ్చుకునేవాణ్ణి.

బస్టాండు వెనక మేడ మీద అప్పట్లో ఒక షేర్ల ఆఫీసు ఉండేది. ప్లాస్టిక్ కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను, ఎరుపూ పచ్చా అంకెలు పరుగెత్తే స్క్రీను. ఫ్యాక్టరీ ఇచ్చిన డబ్బు పెంచుకోవడానికి నేను అక్కడికి పోతున్నానని అందరూ అనుకున్నారు. నిజానికి నేను కూర్చోవడానికి పోయాను. ఊరికే కూర్చోనివ్వరు కాబట్టి ఏదో ఒకటి కొనాలి. అక్కడ నాకు ఇద్దరు స్నేహితులయ్యారు. ఒకాయన రిటైరైన బస్సు కండక్టరు. ఏ అంకె చూసినా టికెట్టు చింపినట్టు బొటనవేలు ఆడించేవాడు. రెండో ఆమె రవికలు కుట్టే టైలరమ్మ; మెడలో టేపు తీయకుండానే మెట్లెక్కి వచ్చేది. తూర్పు తీరాన, ఒడ్డుకు చాలా దూరంగా, సముద్రంలో చమురు కోసం బావి తవ్వుతున్న ఒక చిన్న కంపెనీ షేర్లు మేం ముగ్గురం కొన్నాం. ఇప్పుడు ఆ కంపెనీ కూడా లేదు.

నాలుగో మనిషి మా బామ్మర్ది. నా భార్యకు ఒక్కడే తమ్ముడు, ఆమె పోయాక నాకు మిగిలిన ఒకే ఒక్క చుట్టం. రాయకోట పక్కన వాడికి కొద్దిగా మెరక భూమి, ఒక బోరు, టమేటా తోట. ఆ ఏడు అనుకోకుండా టమేటాకు మంచి ధర పలికింది. తువ్వాలలో డబ్బు మూటగట్టుకుని నేరుగా నా దగ్గరకు వచ్చి, “నువ్వు యాడ పెడితే ఆడే పెట్టు బావా. నాకేం తెలుసు?” అన్నాడు. నేను గోడకు సైన్సు పటం తగిలించి సముద్రం, దాని కింద బురద, బురద కింద రాయి, రాతి పొరల్లో చమురు అని బడి పంతులులాగా చెప్పుకుపోయాను. అంతా విని వాడు అడిగిన ప్రశ్న ఒకటే. “ఆడంతా నీళ్ళే కదా బావా. మన్ను ముందే తడిసి ఉంటాది. తేమ పడిందని ఎట్ల తెలుసుకుంటారు?” కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఆ కంపెనీని అంత సూటైన ప్రశ్న ఏ చదువుకున్నవాడూ అడిగినట్టు లేదు.

మా ప్రాంతంలో ఎవరైనా బోరు వేయిస్తుంటే చుట్టాలు పోయి కూర్చోవాలి. పిలుపు అక్కర్లేదు. చెప్పులు దూరంగా విడిచి, రిగ్గుకు కాస్త ఎడంగా, దుమ్ము మీద పడుతున్నా కదలకుండా కూర్చుంటారు. పొడి తెల్లగా లేస్తున్నంతసేపు ఎవరూ మాట్లాడరు. పొడి కాస్త ముద్దకట్టి తేమ కనబడిందా, ఇక లేవనే కూడదు. రిగ్గు ఆపమన్న మాట ఎవరి నోటా రాకూడదు. తేమ చూపించిన బోరును నడిమధ్యన ఆపించినవాడి చేతికి జన్మలో నీళ్ళు దక్కవని మా నమ్మకం. ఇది తప్పని నేనూ పుస్తకాలు చదివి తెలుసుకున్నవాణ్ణే. తెలుసుకున్నదీ నమ్మినదీ నాలో పక్కపక్క గదుల్లో కాపురం చేసేవి, మధ్యలో తలుపు లేదు.

సముద్రంలో తవ్వకం మొదలైందని తెలిసిన రోజు కండక్టరు స్క్రీను ముందు నిలబడి, “మన బోరు కాడ మనోళ్ళు ఎవురూ కూర్చోలేదు సారూ. పాపం, ఒంటిగా ఉండాది” అన్నాడు. టైలరమ్మ నవ్వింది. నవ్వుతూనే మరునాడు పొద్దున పదికల్లా చెప్పులు మెట్ల కింద విడిచి పైకి వచ్చింది. అలా మొదలైంది మా కాపలా. ఆఫీసు నడిపే ఆయనకు అరవం తప్ప రాదు, మేం ఎందుకు చెప్పుల్లేకుండా వస్తున్నామో అతనికి కడదాకా అర్థం కాలేదు. ఏదో మొక్కు అనుకున్నాడు. మధ్యాహ్నం టైలరమ్మ డబ్బాలో పులిహోరో చిత్రాన్నమో ఉండేది. నా భార్య పోయాక మరో మనిషి చేతి తిండి రోజూ తిన్నది ఆ కొన్ని నెలలే.

ఒకరోజు కంపెనీ ప్రకటన వచ్చింది. నేనే చదివి తెలుగులో చెప్పాను: తవ్వకంలో చమురు ఆనవాళ్ళు కనబడ్డాయి, ఫలితాలు ప్రోత్సాహకరంగా ఉన్నాయి, పరీక్షలు మూడు వారాల్లో పూర్తవుతాయి. కండక్టరు బొటనవేలు ఆడటం ఆగిపోయింది. “తేమ పడింది” అన్నాడు మెల్లగా. షేరు ధర ఆ వారమంతా ఎక్కుతూనే ఉంది.

ఆ వారంలోనే బామ్మర్ది వచ్చాడు. మేడ మెట్ల కింద టీ కొట్టు దగ్గర నిలబడి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నన్ను కాకుండా టీ వైపు చూస్తూ చెప్పాడు.

“బోరు గాలి తోల్తా ఉండాది బావా. దినానికి అరగంట కూడా నీళ్ళు రావడం లేదు. చెట్లు తల వాల్చేసినాయి. కొత్త బోరు వేస్తేనే ఈ పంట. షేర్లు అమ్మేద్దామా?”

“తేమ పడినాక రిగ్గు ఆపినోణ్ణి యాడన్నా చూసినావా?”

“లేదు.”

“మల్ల?”

“ఆ కంపెనీవోళ్ళు ఎన్ని దినాలు అంటారు?”

“మూడు వారాలని రాసినారు. ఈ కళ్ళతో చదివినాను.”

“చెట్లు మూడు వారాలు నిలబడవు బావా.”

టీ తీసుకోవడానికి దిగివచ్చిన టైలరమ్మ ఇదంతా విని, “సుమ్నే ఉండప్పా, ఊరికే దిగులెందుకు, మీ బావ సముద్రంలో నూనె తీసి నేరుగా రాయకోటకు పైపు లాగుతాడు. టమేటాలు ఆ నూనెలోనే వేపుకోవచ్చు” అంది. ఇద్దరం నవ్వాం. వాడు కూడా నవ్వాడు. గ్లాసు కింద పెట్టి, “సరే. చదివినోడివి, నీకు తెలియందా” అని బస్సెక్కాడు. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపుతాడేమోనని చూశాను. వాడు ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

మూడు వారాలు ఆరయ్యాయి. కంపెనీని నేను ఇంగ్లీషులో నాలుగు ఉత్తరాలు రాసి అడిగాను. జవాబుగా ప్రతిసారీ అచ్చువేసిన ఒకే కాగితం వచ్చింది. మీ నమ్మకానికి ధన్యవాదాలట! నమ్మకాన్ని వాళ్ళకు ఎవడిచ్చాడు? ఎండిపోయే తోట ఉన్నవాడు రోజులు అడిగితే, వాడికి రోజులు చెప్పాలి. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. కాలేజీ పట్టా ఉన్నవాడు డబ్బు పోగొట్టుకుంటే మార్కెట్టు బాగాలేదంటారు. నాలాంటివాడు పోగొట్టుకుంటే అత్యాశ అంటారు. బామ్మర్ది వారానికోసారి రాయకోట మార్కెట్టు పక్కనున్న బూత్ నుంచి ఫోను చేసేవాడు. “ఏమన్నా తెలిసిందా?” “ఇంకా లేదప్పా.” “సరే బావా.” తోట సంగతి వాడు చెప్పలేదు. నేను అడగలేదు.

ఫలితం ఒక మిట్టమధ్యాహ్నం వచ్చింది. స్క్రీను మీద మా షేరు ఎర్రబడి, చూస్తుండగానే జారిపోయింది. తర్వాత కాగితం వచ్చింది. లాభసాటి కాని బావి కాబట్టి సిమెంటు పోసి మూసేశామని, ఎండిపోయిందన్న మాట ఎక్కడా రాకుండా, రెండు పేజీలు రాశారు. నేను చదివి వినిపించాను. టైలరమ్మ మెడలోని టేపును తీసి చుట్టగా చుట్టి సంచిలో పెట్టుకుంది. కండక్టరు మాత్రం ధర ఎంతకు పడిందో కూడా అడగలేదు. ఎందుకని నేనే అడిగాను. కుర్చీలోంచి లేస్తూ చెప్పాడు. “నేను తేమ పడిన నాడే అమ్మేసినా సారూ. చెప్తే మీరు నన్ను ఈడ కూర్చోనీయరని చెప్పలేదు.” ఆరు వారాలుగా తనది కాని బోరు దగ్గర ఉత్త కాళ్ళతో వచ్చి కూర్చున్నాడు ఆయన. కోపం రావాల్సింది. రాలేదు. ఎండిన బోరు దగ్గర నుంచి లేచిపోయేటప్పుడు మా వైపు ‘పోయొస్తాం’ అనరు. మేం కూడా అనలేదు. ముగ్గురం మెట్లు దిగి మూడు దారులు పట్టాం, మళ్ళీ ఆ మేడ ఎక్కలేదు.

ఆ ఆదివారం రైలెక్కి రాయకోట పోయాను. దారి పొడుగునా వాడు ఏమంటే నేనేమనాలో వరుసగా అనుకుంటూ పోయాను. తోటలో కట్టెలకు కట్టిన టమేటా చెట్లు కట్టెల రంగులోనే ఉన్నాయి. తోట మూలన, గట్టుకు పక్కగా, పసుపు గుడ్డ చుట్టిన వేపకొమ్మ ఒకటి నాటి ఉంది. దాని చుట్టూ మూడు రాళ్ళు, ఎండిపోయిన పూలు. భూమిలో నీళ్ళు చూసేవాణ్ణి పిలిపించి, కొత్త బోరుకు చోటు గుర్తు పెట్టించి, పూజ కూడా చేసుకున్నాడన్న మాట. అంటే ఆ రోజు టీ కొట్టు దగ్గరకు నన్ను సలహా అడగడానికి రాలేదు వాడు. అన్నీ నిశ్చయించుకుని, పెద్దవాణ్ణని నా నోట ఒక్క ‘సరే’ కోసం వచ్చాడు. వాడి భార్య రాగి సంగటి, ఉలవచారు పెట్టింది. వాడు రైలు ఆలస్యం గురించి మాట్లాడాడు, కెలవరపల్లి డ్యాంలో నీళ్ళ గురించి మాట్లాడాడు, నా మోకాలి నొప్పి గురించి అడిగాడు. నేను రైల్లో తయారు చేసుకున్న మాటల్లో ఒక్కదానికీ అక్కడ చోటు దొరకలేదు.

ఆ తర్వాతి ఏడు వాడు భూమిని కౌలుకిచ్చి, హోసూరులో ఒక ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరాడు. నలుగురితో కలిసి ఒక గదిలో అద్దెకుండేవాడట. ఆ గదికీ నా ఇంటికీ నడిస్తే ఇరవై నిమిషాలు. నేను ఊడ్చుకోని గదులు రెండున్నాయని వాడికి తెలుసు. వాడు రాలేదు. రమ్మనడానికి నాకు ఏ ముఖం ఉంది? అలా అనుకుంటూ మూడేళ్ళు గడిపాను.

చివరికి ఒకరోజు పొద్దున వాడు కాపలా కాసే ఫ్యాక్టరీ గేటు దగ్గరకు పోయాను. నీలం చొక్కా, నెత్తిన టోపీ. దగ్గరకొచ్చే మనిషి ఎవరో చూడకముందే అలవాటుగా నాకు సెల్యూట్ కొట్టాడు. కొట్టాక గుర్తుపట్టి చెయ్యి గబుక్కున దించేశాడు. నాకు మొహమాటాలన్నీ పోయాయి.

“ఒకసారి తిట్టేయరా నన్ను. నీ తోట ఎండబెట్టింది నేనే.”

“అదేం మాట బావా!” అన్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. “ఆ పొద్దు నువ్వు అమ్మేయమన్నా నేను అమ్మేవాణ్ణి కాదు. తేమ పడిందని విన్నాక నాకు మాత్రం మనసొచ్చునా?”

లోపలికి రావలసిన లారీ ఒకటి హారన్ కొట్టింది. “ఉండు బావా, వస్తా” అని పరుగెత్తాడు. లారీ వెనక మరొకటి, దాని వెనక ఇంకొకటి. వాడు ఒక్కో డ్రైవరు దగ్గరా కాగితం తీసుకుని నంబరు రాసుకుంటూ, మధ్యమధ్య నా వైపు చూసి ఉండమని చెయ్యి చూపిస్తున్నాడు. నేను కాసేపు నిలబడి వచ్చేశాను. వాడు చెప్పింది నిజం కాదని నాకు తెలుసు. నాకు తెలుసని వాడికీ తెలుసు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, చావుల్లో కలుసుకున్నాం, నవ్వుకున్నాం, పక్కపక్కన కూర్చుని తిన్నాం. వాడు పోయేదాకా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తిట్లు తినడానికి కూడా ఒక సమయం ఉంటుంది. అది దాటిపోయాక ఎన్నేళ్ళు మిగిలినా, ఎవరూ ఏమీ అనని ఇంట్లో వాటిని ఒక్కడే గడుపుకోవాలి.