మా చేలో రాళ్లు ఏరేసిన ఏడాది

జూన్ నెల, మొదటి ఆదివారం. ప్రార్థన నుంచి వచ్చి రాస్తున్నాను. తిప్ప కింది చేలో రాతికట్టలు తీసేసి చదును చేయించడానికి నా మనవడు మిషన్ మాట్లాడాడట. నన్ను అడగలేదు. వాడు ఫోన్‌లో వచ్చేది తప్ప ఇంకేమీ చదవడు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. మిగతావాళ్లూ చదవండి.

మా చిన్నప్పుడు... మాచవరం దగ్గర మా ఈ రెండెకరాల ఎర్రచేలోనే మట్టి కంటే రాళ్లే ఎక్కువ కనిపించేవి. కింద రేగడి చేలవాళ్లు మా నాయనను చూసి నవ్వేవాళ్లు.

"ఏం బావా, ఈ యేడు రాళ్లు ఎన్ని బస్తాలైనయ్?"

నాయన నవ్వేవాడు కాదు.

అవి యుద్ధం రోజులు. రోడ్డు వేసే కంట్రాక్టరు కంకర కోసం రాళ్లు కొంటున్నాడు. చేనూ శుభ్రమవుతుంది, నవ్వే నోళ్లూ మూతపడతాయి అనుకున్నాడు నాయన. వేసవంతా ఏరాం. నాకు తొమ్మిదేళ్లు, చెల్లెలు సుగుణకు ఆరు. మేం గంపల్లో ఏరి పోస్తే బండ్లు వచ్చి తీసుకుపోయేవి.

నాయనమ్మ గట్టు మీద నిలబడి అరిచింది.

"ఒరేయ్, ఎర్రనేలకు రాయే దుప్పటిరా! ఎండకు చెమ్మ పోనీదు, వానకు మన్ను పోనీదు. తియ్యమాకరా!"

"నువ్వూరుకోవే అమ్మా. రేగడోళ్ల చేలో ఒక్క రాయుందా?"

"ఆళ్ల నేల ఆళ్లది, మన నేల మనది. ఆళ్లని చూసి నువ్వు చేసేదేంది?"

ఆయన వినలేదు. వేసవి చివరకు చేను ఊడ్చిన వాకిలిలా అయింది... నాయన పనేమీ లేకపోయినా సాయంత్రాలు వెళ్లి చూసుకుని వచ్చేవాడు.

తొలి పెద్దవాన ఒక్క మధ్యాహ్నం కురిసింది. ఎర్రమన్నంతా, వేసిన జొన్న విత్తనంతో సహా వాగులోకి పోయింది. మిగిలింది అడుగున ఉన్న తెల్లగరుసు. మళ్లీ విత్తితే మొలక జానెడు లేచి మాడిపోయింది.

ఆ ఏడు బలుసాకు ఉడకేసుకుని తిన్నాం. అమ్మ నాట్లకని తూర్పుకు, కాలవ కింది ఊళ్లకు పోయింది. మా రాళ్లు రోడ్డు కింద కంకరయ్యాయి. రోజూ బడికి నేను నడిచింది మా చేను మీదే...

చేను బాగుచేసింది నాయనమ్మ. వాన పడితే అందరూ ఇళ్లలోకి పరిగెత్తేవాళ్లు. ఆమె మమ్మల్ని చేలోకి పరిగెత్తించేది. నీళ్లు ఎక్కడ కోసుకుపోతున్నాయో అక్కడ పుల్ల గుచ్చమనేది. వాన వెలిశాక ఆ గుర్తుల దగ్గర, వాలుకు అడ్డంగా, రాళ్లు పేర్చేవాళ్లం. ఈసారి రాళ్లు తిప్ప మీద నుంచి మోసుకురావాలి. రెండేళ్లలో పదకొండు కట్టలు.

నాయన పెద్దరాళ్లు మోసేవాడు. సుగుణ ఒక్కొక్క రాయే ఒళ్లో పెట్టుకుని తెచ్చేది. ప్రతిదీ నాకు చూపించేది.

"అక్కా, ఇది పెద్దదేనా?"

"చానా పెద్దదిలే. ముందు నడువే" అని కసిరేదాన్ని.

కట్టల వెనక మన్ను మొదట వేలెడు, తర్వాత బెత్తెడు నిలిచింది. ఎరువు కోసం చేలో గొర్రెల మంద పెట్టించాలంటే గొర్రెలవాళ్లకు ఇవ్వడానికి మా దగ్గర గింజలు లేవు. నాయనమ్మ తన ఇత్తడి బిందె ఇచ్చేసింది. వెంపలి మొక్కలు పెరగనిచ్చి, పూత రాకముందే ఎరువుగా నేలలో కలిపి దున్నించింది. మూడో ఏడు కొర్ర విత్తాం, మధ్య సాళ్లలో కంది, అనుము.

సుగుణ ఆ కొర్రన్నం తినలేదు. కోతకు నెల ముందు బేదులు పట్టుకున్నాయి. మూడు రోజులు. తట్టుకోవడానికి దాని ఒంట్లో ఏమీ లేదు. ఆ ఏడూ నాట్లకు పోయిన అమ్మ, కబురంది తూర్పు నుంచి వచ్చేసరికి సమాధి మీది మట్టి ఆరిపోయింది.

నాయనను ఎవరూ ఏమీ అనలేదు. కంకులు కోస్తూ ఆయనే కూలబడ్డాడు.

"నేనే తీసేశానమ్మా... నేనే తీసేశా."

"కొయ్యరా, పొద్దుపోతంది" అంది నాయనమ్మ. తనూ కోస్తూనే ఉంది.

ఆ తర్వాత ఆ చేను పూర్తిగా ఎండిన ఏడు నేను చూడలేదు.

అప్పట్లో ఆ రాళ్లు తీయడానికి మాకు ఒక వేసవి పట్టింది. ఇప్పుడు ఒక పూట చాలు. తప్పు చేయడం కూడా సులువైపోయింది...

ఇక జరగవలసినవి:

1. మిషన్ వద్దని రేపు ఉదయమే చెప్పాలి. మాటిచ్చాను, బాగుండదు అనే సాకు నాకు చెప్పవద్దు.

2. తొమ్మిదో కట్ట దక్షిణం కొన తెగింది. వానలకు ముందే పేర్చాలి. పెద్దరాయి కింద, చిన్నరాయి పైన.

3. ఏటా ఒక్క పత్తే వేయడం మానాలి. కొర్ర, కంది, అనుము కలిపి వేయాలి. విత్తే ముందు గొర్రెల మందను వారం రోజులు పెట్టించాలి.

4. ఇది చదివినవాళ్లు, మీ ఊరి చేలల్లో కట్టలు ఎవరు మోసి కట్టారో పెద్దవాళ్లను అడిగి కింద రాయండి. ఆడవాళ్ల పేర్లు, పిల్లల పేర్లు వదిలేయకండి.

5. ఆ పదకొండు కట్టల్లో సుగుణ మోసిన రాళ్లు ఏవో నాకు తెలియదు. కాబట్టి ఒక్కటీ కదపకూడదు.