ముల్లు ఆగితే నింద ఖాజా మీద

మీ ఇంట్లో ఒక వస్తువు ఉన్నట్టుండి పనిచేయకపోతే, మీరు ముందు వెతికేది కారణాన్నా, మనిషినా?

1988, దసరా మరునాడు. బండ్ల కరెంటు పని చేసే నా దుకాణం నల్లగొండలో. దేవరకొండ నుంచి ఒక పాత విలాయతి కారు వచ్చి ఆగింది. యజమాని రంగారెడ్డి, బోర్లు వేయించే ఆసామి. నడిపి తెచ్చింది ఆయన డ్రైవరు ఖాజా. ఇద్దరూ ముఖాలు ముడుచుకుని దిగారు.

పండుగ ముందే పట్నంలో ఆ కారుకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించారు. పాత పద్ధతిలో పాయింట్లనే చిన్న లోహపు మొనలు కలిసి విడిపోతుంటే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. కొత్తదాంట్లో ఆ పని ఒక పెట్టె చేస్తుంది. ఇంజన్ హాయిగా నడుస్తోంది. కానీ ఇంజన్ తిరిగే వేగాన్ని చూపే టాకోమీటర్ మాత్రం చచ్చినట్టు పడి ఉంది. ఆయుధపూజ అయ్యాక నిమ్మకాయలు తొక్కించడానికి స్టార్ట్ చేసినప్పుడు, కుంకుమ బొట్టు పెట్టిన దాని అద్దం వెనక ముల్లు కదలకపోవడం ఇంటిల్లిపాదీ చూశారట.

"పూజకు పెట్టిన బండిని నిమ్మకాయ తొక్కకముందే ఎవడన్న స్టార్ట్ జేస్తడా? గీ ఖాజా జేసిండు, దిష్టి తగిలింది. ముల్లు లేవకపోతే రేపటి సంది పనికి రావద్దన్న," అన్నాడు రంగారెడ్డి.

"కడుగుదామని నీడకు జరిపిన పటేలా. గంతే," అన్నాడు ఖాజా.

"పట్నం నుంచి వచ్చేటప్పుడు ముల్లు ఆడిందా?" అని అడిగాను.

"చూడలేదన్నా. నా కండ్లు రోడ్డు మీదుంటయి. ముల్లును సూసుకుంట నడిపితే పటేల్ ఎప్పుడో దవాఖానల పండేటోడు."

రంగారెడ్డికి నవ్వొచ్చింది గానీ మింగేశాడు.

ఆ నిందకు నాకు ఒళ్లు మండింది. కానీ దిష్టి లేదని నోటితో అంటే సరిపోతుందా? ముల్లు ఎందుకు ఆగిందో నాకూ తెలియదు. పెట్రోలు మీటరు బాగుంది. ఫ్యూజు బాగుంది. టాకోమీటరుకు కరెంటు అందుతోంది. మరేమిటి?

డాష్‌బోర్డు కిందికి దూరి తీగ వెంట వేలు నడిపాను. టాకోమీటరు వెనక ఒక చిన్న రింగు ఉంది. నిప్పురవ్వకు కరెంటు పెంచి ఇచ్చే కాయిల్‌కు వెళ్లే తీగ దాని గుండా పోవాలి. ఆ తీగలో కరెంటు తెగినప్పుడల్లా మీటరు లెక్కపెట్టుకుంటుంది. పట్నంలో కొత్త పెట్టె బిగించినవాళ్లు కాయిల్‌కు స్విచ్చి నుంచి నేరుగా వేరే తీగ లాగారు. పాతది ఊరికే వేలాడుతోంది.

పాత తీగ కలిపాను. ముల్లు లేచింది, కానీ చలిజ్వరం వచ్చినట్టు వణికింది. మళ్లీ అయోమయం. ఎర్తు మార్చాను, లాభం లేదు. చివరికి ఆ తీగను రింగులోంచి రెండోసారి చుట్టితే ముల్లు నిలబడింది.

అక్కడితో ఆపలేదు. రంగారెడ్డిని పక్కన నిలబెట్టి కొత్త తీగ వేశాను, ముల్లు పడింది. పాత తీగ వేశాను, లేచింది. ప్రతిసారీ స్టార్ట్ చేసింది ఖాజానే. ఒక్కసారీ నిమ్మకాయ లేదు.

"రెండు సుట్లెందుకు మేస్త్రీ?"

"తెల్వది పటేలా. ఒక్క సుట్టుకు వణికింది, రెండిటికి నిలవడ్డది. గంతవరకే తెల్సు."

"నీకే తెల్వనప్పుడు దిష్టి కాదని ఎట్లంటవ్?"

"నాకు తెల్వదంటే, ఖాజా జేసిండని కాదు గద!"

ఆయన వంగి ముల్లు వంక ఇంకోసారి చూశాడు. తర్వాత తాళంచెవి ఖాజా చేతిలో పెట్టి, "పా, పొద్దు గూకుతాంది," అన్నాడు. ఎక్కబోతూ జేబులోంచి ఒక నిమ్మకాయ తీసి టైరు కింద పెట్టాడు. ఖాజా నా వైపు చూసి కన్నుగీటి, దాని మీదుగా మెల్లగా పోనిచ్చాడు.

ఆ రోజు గెలిచిందెవరో నాకిప్పటికీ అంతుబట్టదు. ఖాజా కొలువు మాత్రం నిలిచింది. కాబట్టి ఇంట్లో ఏదైనా ఆగిపోతే, మనిషి మీదికి లేచే మీ వేలిని దించి, దానితోనే తీగను వెతకండి. దొరకకపోతే "తెలియదు" అనండి. నింద పడ్డవాడి ముందే, గట్టిగా అనండి.