ఆకుపచ్చ సిరా సంతకం

అమీర్‌పేటలో నా జిరాక్స్ షాపు గోడ మీద ‘అటెస్టేషన్ కొరకు మేడ మీదికి వెళ్ళండి’ అని సుద్దముక్కతో రాసింది నేనే. మేడ మీద రెండు గదుల్లో చలపతిరావు గారు అద్దెకుండేవారు. వీధి వీధికీ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు లేస్తున్న రోజులవి. సర్టిఫికెట్ నకళ్ల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కోసం హాస్టల్ పిల్లలు కాళ్లరిగేలా తిరిగేవాళ్లు. వాళ్లకు సంతకం, నాకు నకళ్ల బేరం. పుణ్యమూ పురుషార్థమూ కలిసొచ్చాయి.

ఆయనది బాపట్ల. పదిహేనేళ్లు సైన్యంలో లేహ్ మంచూ నాగాలాండ్ వానలూ చూసి, ఆ తర్వాత పరీక్ష రాసి సర్కారు కొలువులో చేరి, ఆరు జిల్లాలు తిరిగారు. పెళ్లి మాత్రం చేసుకోలేదు. “ఏ ఊళ్లోనూ మూడేళ్లు ఉండలేదు జగదీశ్, పిల్లనెవరిస్తారు?” అని నవ్వేవారు.

సంతకం అంత తేలిగ్గా దొరికేది కాదు. అసలు సర్టిఫికెట్ మొత్తం చదివి, ఊరి పేరు దగ్గర ఆగేవారు. “ధర్మపురా? అక్కడ గోదావరి మెట్ల మీద జారిపడ్డానమ్మా ఒకసారి” అని మొదలుపెట్టి, టీ కాచి ఇచ్చి, గంటకు గానీ ఆకుపచ్చ సిరా పెన్ను తీసేవారు కాదు. పిల్లలు కిందికొచ్చి విసుక్కుంటే నేనూ నవ్వేవాణ్ణి.

రెండువేల ఒకటి వేసవిలో నిరోష అనే జగిత్యాల అమ్మాయి ఏడుపు ముఖంతో షాపుకొచ్చింది.

“అన్నా, గా సారు రిటైరై ఎనిమిది నెలలైందంట. సంతకం చెల్లదని నా దరఖాస్తు వాపస్ పంపిండ్రు. ఆఖరి తారీఖు సుత అయిపోయింది.”

నాకు ఒళ్లు మండింది. ఆమెను వెంటబెట్టుకుని మేడెక్కాను. ఆయన కాయితం చదివి, మడిచి ఆమెకు తిరిగిచ్చారు.

“తప్పు నాదేనమ్మా. సంతకం పెట్టనంటే ఇక్కడికి ఎవరూ రారు. అందుకే చెప్పలేదు.”

నిరోష మెట్లు దిగిపోయింది. నేను ఊరుకోలేదు. “పిల్ల నౌకరి పాయె సార్. మాట్లాడెతందుకు మనిషి కావాలంటే నాకు చెప్పొద్దా? నేను కిందనే ఉంటి కదా.”

మర్నాడు గోడ మీద రాతను ఆయనే తడిగుడ్డతో తుడిచేశారు.

అప్పటినుంచి రెండు మూడు రోజులకోసారి కిందికి దిగి, సైన్యం ఇచ్చిన డిశ్చార్జి కాయితానికి ఒక్క నకలు తీయించుకునేవారు. పెన్షన్ పనేమో అనుకున్నాను. జావా నోట్సుల కోసం పిల్లలు కౌంటర్ మీద పడుతుంటే, తలెత్తకుండా తీసిచ్చేవాణ్ణి. “రద్దీగా ఉందయ్యా” అనేవారు. “అవును సార్” అనేవాణ్ణి.

రెండేళ్లకు ఆయన పోయారు. పంజగుట్ట శ్మశానానికి నేనూ, ఇంటి ఓనరూ, పాత ఆఫీసు గుమాస్తా ఒకాయనా వెళ్లాం. గది ఖాళీ చేస్తుంటే బీరువాలో ఒక కట్ట దొరికింది. అన్నీ ఆ డిశ్చార్జి కాయితం నకళ్లే. నా మిషన్ ఎడమ అంచున గీసే నల్లగీత అన్నిటి మీదా ఉంది. ఒక్కటీ ఎక్కడా ఇచ్చింది లేదు.

సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. నాకు చెప్పొద్దా అని నేనే అన్నాను. ఆయన చెప్పడానికే దిగి వచ్చేవారు. షాపులో ఒక స్టూలుండేది. దాని మీద కాగితం కట్టలు పెట్టుకునేవాణ్ణి. ఒక్కనాడూ అవి తీసి, కూర్చోండి సార్ అనలేదు.